చేతులు బల్ల మీద పెట్టండి

నేను కాఫీ గ్లాసు రెండు చేతులతో అందుకుంటాను. చూసినవాళ్ళు అది వినయం అనుకుంటారు. మాది గుడి సేవలో ఉన్న వైష్ణవ కుటుంబం కాబట్టి అలవాటు కాబోలని సరిపెట్టుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, నా కుడిచేతి బొటనవేలికి గ్లాసు పట్టే శక్తి లేదు. ఎందరి కీళ్ళనో కదిలించిన వేలు, ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా పనికిరాదు.

ఫిజియోథెరపీలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. ఏదైనా అనుభవం చెప్పమంటారు. మంచం పట్టిన మనిషిని నడిపించిన కథ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి మీ మాస్టర్ల దగ్గర బోలెడు ఉంటాయి. నేను పాడుచేసిన ఒక మణికట్టు గురించి చెబుతాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

డెబ్బైల చివరి మాట. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి, దాని పేరుతో మనకు పనిలేదు. ఎక్స్‌రే గది వెనకాల ఒక పొడుగాటి హాలు మా విభాగం. మూడు చెక్క బల్లలు, కాపడం పెట్టే ఒక ఎర్రదీపం, మైనం కరిగించే తొట్టి, గోడకు బిగించిన కప్పీలు, తాళ్ళు. అంతే ఆస్తి. దానికి నేను అధికారిని. నాకింద ఒక అటెండరు. మా నాయన గుడి ప్రసాదాల వంటశాలలో పనిచేసేవాడు. కొడుకు ఆసుపత్రిలో ఉద్యోగం అంటే మొదట మురిసిపోయాడు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టడమే పని అని తెలిశాక ఆ ఊసు ఎత్తడం మానేశాడు. నలుగురూ ఉద్యోగం కోసం కాళ్ళు పట్టుకుంటే, నాకు ఉద్యోగం వచ్చాక ఆ యోగం పట్టిందని స్నేహితులు ఏడిపించేవాళ్ళు.

మా దగ్గరికి రాని మనిషి లేడు. కొండెక్కి మోకాళ్ళు పట్టేసిన యాత్రికులు, రేణిగుంట గోదాముల్లో మూటలు మోసి నడుము విరగ్గొట్టుకున్నవాళ్ళు, కట్టు విప్పాక మోచెయ్యి మడవలేని రైతులు, పోలియో పిల్లలు. ఎనిమిదింటికి తలుపు తీసేసరికి వరండా నిండిపోయి ఉండేది.

ఆ బల్లల గురించి ఒక మాట చెప్పాలి. వాటిని చేసిన వడ్రంగికి ఎవరో ఆఫీసు బల్ల కొలత ఇచ్చారు. ఆ ఎత్తు కుర్చీలో కూర్చుని రాసుకునేవాడికి సరిపోతుంది గానీ, నిలబడి గంటలకొద్దీ మర్దనా చేసేవాడికి కాదు. నాలుగేళ్ళపాటు ఆ బల్లల మీద వంగి వంగి, సాయంత్రానికి నేనూ అటెండరూ గోడ పట్టుకుని నిటారుగా అయ్యేవాళ్ళం. బల్ల ఎత్తు తప్పని మాకు తోచలేదు. మా నడుముల్లోనే ఏదో లోపం ఉందనుకున్నాం.

ఇక నా బొటనవేలు. మా ప్రాంతంలో నొప్పి పుడితేగానీ వైద్యం జరిగినట్టు లెక్క కాదు. "ఆ సారు చెయ్యి పడితే సాలు, సుక్కలు కనపడతాయి" అని ఒకరికొకరు చెప్పుకుని మరీ నా వరుసలో నిలబడేవాళ్ళు. పట్టేసిన కండ మీద బొటనవేలు మోపి, ఒంటి బరువంతా దాని మీద వేసి నొక్కేవాణ్ణి. మనిషి అరిచేవాడు. లేచి కూర్చున్నాక దండం పెట్టేవాడు. నాకు ఆ అరుపు, దండం రెండూ ఇష్టమే. ఇప్పుడు దాచుకోవడం దేనికి, ఆ రోజుల్లో నేను వేలిని చూసుకుని విర్రవీగేవాణ్ణి.

అలాంటి సమయంలో మా విభాగానికి ఒక అమ్మాయి వచ్చింది. ఐరాల దగ్గర పల్లె, రైతు కుటుంబం. వాళ్ళింట్లో మొదటి ఉద్యోగం ఆమెదే. అదీ తాత్కాలికం, ఏడాదికోసారి పొడిగించాలి. మనిషి పొట్టి. నా భుజం దాకా వస్తుందేమో. మొదటి వారమే నా పని చూసి నిలదీసింది.

"సార్, బొటనేలితో అంతసేపు నొక్కతా ఉంటే అది ఎన్నాళ్ళొస్తాది?"

"నా వేలి సంగతి నీకెందుకమ్మా?" అన్నాను.

"మా ఇంట్లో ఎనుముల పాలు పిండేటప్పుడు బొటనేలు మడిస్తే మాయమ్మ ఊరుకోదు సార్. పిడికిలంతా పెట్టి పిండమంటాది. మా పెద్దమ్మ బొటనేలు మడిసే పిండింది. ఇప్పుడామెకి జడేసుకునేదానికి కూడా చెయ్యి రాదు."

"ఇది ఆసుపత్రమ్మా. పశువుల కొట్టం కాదు."

ఆమె నవ్వింది. తన పద్ధతి మాత్రం మానలేదు. పిడికిలితోనో, అరచేతి మొదలుతోనో, మోచేతితోనో నొక్కేది. నొక్కేటప్పుడు చేతిబలం వాడకుండా ఒక అడుగు ముందుకేసి ఒళ్ళంతా వాల్చేది. "ఆయమ్మ చేతిలో బలం లేదు" అని ఆమె వరుసలోంచి నా వరుసలోకి వచ్చేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను చూసి నేను లోలోపల సంతోషించాను కూడా. అప్పటికే నా బొటనవేలి మొదలు వాచి ఉంది. ఇంట్లో వేడినీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే మా ఆవిడ ఏమైందని అడిగేది. గోరుచుట్టు అని చెప్పేవాణ్ణి. ఏడాది పొడుగునా గోరుచుట్టు ఏమిటని ఆమె అడగలేదు, నా అదృష్టం.

ఒక ఎండాకాలం కార్వేటినగరం వైపు నుంచి ఒక పెద్దాయన భుజం నొప్పితో వచ్చాడు. ఆ వైపు ఒక గుడిలో ఉత్సవాలప్పుడు స్వామి వాహనం మోసేవాళ్ళకు ఆయన పెద్ద. భుజం మీద, వాహనం కింద ఉండే మోతకర్ర, అదే తండె, ఆనే చోట, నిమ్మకాయంత కాయ కాచి ఉంది. నేను ఎప్పటిలాగే వేలు మోపాను. ఆయన అరవలేదు. తల తిప్పి నా చెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగాడు.

"నా బుజం సంగతి అట్లుండనీ సామీ. మీ బొటనేలేంది ఇట్ల వాచిండాది?"

"ఏం లేదులే పెద్దాయనా."

"ఏం లేదా? మా దాంట్లో ఏం లేదు, ఏం లేదు అనేవాడినే తండె కిందికి రానియ్యం."

నాకు ఆసక్తి పుట్టి వివరం అడిగాను. వాహనం ఎత్తే ముందు వాళ్ళందరూ వరుసగా నిలబడతారట. ఈయన ఒక్కొక్కరి భుజం గట్టిగా నొక్కుకుంటూ పోతాడు. ఎవడైనా ఉలిక్కిపడితే వాణ్ణి ఆ పూటకు పక్కన పెట్టి, చేతికి గొడుగో దివిటీయో ఇస్తాడు. ఒకే ఎత్తు మనుషులనే జతగా నిలబెడతాడు. ఎత్తేటప్పుడు కేక వేసేది ఒక్కడే.

"పక్కన నిలబెడితే వాడికి నామోషీ కాదా?" అన్నాను.

"నామోషీ ఏముండాది సామీ? ఒకడు దాసిపెట్టుకోని తండె కిందికి దూరినాడనుకో, వాడు మొయ్యలేని బరువు పక్కోడి మీద పడతాది. పక్కోడి బుజం పోతాది. స్వామి ఒరిగిపోతాడు. నొప్పి దాసింది ఒకడు, దెబ్బ తినేది ఇంకొకడు."

ఆ మాటలు నాకంటే ముందు మా విభాగం అమ్మాయికి పట్టాయి. పక్క బల్ల దగ్గర్నుంచి అన్నీ విన్నది. మర్నాడు పొద్దున అటెండరు చేత ఇటుకలు తెప్పించి బల్లల కాళ్ళ కింద పెట్టించింది. వంగకుండా పనిచేయడం ఎంత సుఖమో నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. ఆ తర్వాత, "సార్, మనం కూడా పొద్దున్నే చేతులు చూసుకుందాం" అంది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమేమిటి, ఆ ఆలోచన నాదే అన్నట్టు పెద్ద డాక్టర్ల ముందు చెప్పుకున్నాను కూడా.

అలా మొదలైంది. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు అందరూ మధ్య బల్ల మీద చేతులు పెట్టాలి. నేను ఒక్కొక్కరి బొటనవేలు, మణికట్టు నొక్కి చూస్తాను. ఎవరికైనా నొప్పి ఉంటే ఆ రోజు మర్దనా, ఎత్తడం బంద్. దీపం దగ్గరో మైనం దగ్గరో కూర్చోవాలి. దానికి మేం దీపం డ్యూటీ అని పేరు పెట్టుకున్నాం. ఎవరినైనా ఎత్తాలంటే సమానమైన ఎత్తున్న ఇద్దరు కావాలి. కేక ఒక్కరే వేయాలి. అటెండరు మొదట్లో నవ్వాడు గానీ, రెండు నెలలకు అతని నడుము నొప్పి తగ్గాక అతనే అందరికంటే ముందు చేతులు చాపేవాడు.

నా చేతులు ఎవరు చూడాలన్నది మాత్రం తేలలేదు. అమ్మాయి ఒకసారి అడిగింది.

"సార్, మీవి?"

"నాది నాకు తెలుసు కదమ్మా" అన్నాను.

ఏడాదిన్నర ఇలాగే నడిచింది. రోజూ పొద్దున ఇతరులను "నొప్పి ఉందా?" అని అడిగిన మనిషిని నేను. ఎందుకు దాచానని మీరు అడగొచ్చు. భయం. ఆ వేలు పోతే నా వరుసలో నిలబడేవాళ్ళు ఉండరు. నేను దీపం ముందు కూర్చుంటే వరండాలో అందరూ చూస్తారు. ఇంత చిన్న భయానికి అంత పెద్ద అబద్ధమా అంటే, అవును.

ఆ రోజు సోమవారం. కిటకిటలాడుతున్న జనం. రేణిగుంటలో లారీ మీంచి పడి వెన్ను దెబ్బతిన్న ఒక హమాలీని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కాళ్ళలో కదలిక లేదు. మంచి కండ పట్టిన మనిషి. కుర్చీలోంచి బల్ల మీదికి చేర్చాలి. నాకు జతగా ఎత్తే అటెండరు ఎక్స్‌రే గదికి వెళ్ళి ఉన్నాడు.

"అన్న వచ్చేదాకా ఆగుదాం సార్. మన ఇద్దరికీ ఎత్తు కుదరదు" అంది అమ్మాయి.

"బయట అరవై మంది ఉన్నారమ్మా. ఇద్దరం చాలు. నువ్వు మోకాళ్ళ దగ్గర పట్టుకో."

"మూటనైనా ఇట్ల ఎత్తం సార్ మేము" అని ఆ హమాలీ కూడా అన్నాడు. నేను వినిపించుకోలేదు. అతని వెనక నిలబడి చంకల కింద చేతులు వేసి కేక వేశాను. ఎత్తాం. కాళ్ళు బల్ల మీదికి చేరాయి. ఒళ్ళు ఇంకా గాలిలో, నా చేతుల్లో ఉంది. అప్పుడు బొటనవేలి మొదట్లో కరెంటు షాకు కొట్టినట్టయింది. నా కుడిచెయ్యి నా ప్రమేయం లేకుండానే విడిపోయింది.

అతని వెన్ను నేరుగా బల్ల అంచు మీదికి పడబోయింది. అప్పటికే దెబ్బతిన్న వెన్ను. ఆ అమ్మాయి కాళ్ళు వదిలేసి ఒక్క అంగలో ముందుకొచ్చి తన చెయ్యి మధ్యలో పెట్టింది. అతని బరువు, చెక్క అంచు, ఆ రెండింటి మధ్య ఆమె కుడి మణికట్టు. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. అది నాకిప్పటికీ వినిపిస్తుంది.

"ఆయనకేం కాలేదు గదా సార్?" అని అడిగింది ముందు.

"నాకేం కాలేదు పాపా, నీ చెయ్యి సూడు" అన్నాడతను.

ఎముక విరిగింది. ఆరు వారాల పిండికట్టు. ఇందులో ఇంకో చిక్కుంది. ఆ ఏడాది పర్మనెంట్ చేయబోయేవాళ్ళ జాబితాలో ఆమె పేరుంది. పనికి శరీరం సరిపోతుందని వైద్య సర్టిఫికెట్ కావాలి. విరిగిన మణికట్టుతో ఫిజియోథెరపిస్టుకు ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు? డ్యూటీలో, తన తప్పు లేకుండా తగిలిన దెబ్బ అని రుజువైతే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే ఐరాల బస్సెక్కడమే.

సూపరింటెండెంటు గారు నన్ను పిలిచారు. నా మీద అభిమానం ఉన్న మనిషి.

"పేషెంటు ఉన్నట్టుండి కదిలాడని రాసి పారెయ్యి. లేకపోతే ఆ అమ్మాయి సరిగ్గా పట్టుకోలేదని రాయి. వచ్చే నెల నీ ప్రమోషన్ ఫైలు కదులుతుంది. నువ్వెందుకు ఇరుక్కోవడం?"

నేను వెంటనే కాగితం మీద నిజం రాసేశానని చెప్పగలిగితే బాగుండేది. అలా జరగలేదు. "రోగి ఆకస్మికంగా కదిలినందున" అని చక్కటి అక్షరాలతో రాశాను. ఇందులో అమ్మాయి తప్పు కూడా లేదు కదా, ఎవరికీ నష్టం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కాళ్ళు కదపలేని మనిషి ఆకస్మికంగా ఎలా కదిలాడని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఆలోచించలేదు.

సంతకం పెట్టిన కాగితం పట్టుకుని వరండాలో వెళుతుంటే ఆ హమాలీ కుర్చీలోంచి పిలిచాడు.

"సార్, ఆ పాప పని పోదు గదా?"

"చూద్దాం."

"నా వల్లే అయిందని రాసేయండి సార్. కాళ్ళే పోయినాయి, నాకింకేం పోతాది?"

నేను అప్పటికే అది రాసి జేబులో పెట్టుకున్నానని అతనికి తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి వెళ్ళి కాగితం చింపేసి కొత్తది రాశాను. నాలుగు వాక్యాలు. చాలాకాలంగా నా బొటనవేలికి జబ్బు ఉంది. దాన్ని దాచి పనిచేశాను. ఎత్తు కుదరదని, ఆగుదామని ఆమె చెప్పినా వినలేదు. నా చెయ్యి జారడం వల్ల రోగి వెన్నును కాపాడబోయి ఆమె గాయపడింది.

సూపరింటెండెంటు గారు రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశారు. "ఇది నీకు అవసరమా?" అన్నారు. తర్వాత నాకు మెమో వచ్చింది. ప్రమోషన్ ఫైలు కదిలిన మాట నిజమే గానీ, అది నా మీంచి దాటుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది. వైద్య బోర్డు వాళ్ళు ఆమె మణికట్టు వంచి చూశారు. మూడింట రెండు వంతులే వంగింది. అయినా డ్యూటీలో తగిలిన దెబ్బ అని రికార్డు ఉంది కాబట్టి ఉద్యోగం నిలిచింది.

ఆ కాగితంలో ఏముందో మా విభాగంలో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. అధికారికి రాయడం వేరు, తన వాళ్ళ ముఖం చూసి చెప్పడం వేరు. ఆమె లేని రోజుల్లో పొద్దున్నే చేతులు చూసే పద్ధతి కూడా ఆగిపోయింది. నాకు అడిగే ముఖం లేదు. నా బొటనవేలితో నేను పనిచేస్తూనే ఉన్నాను, ఎడమచేతిని కొంచెం ఎక్కువ వాడుతూ. మనిషి బుద్ధి అంత తొందరగా మారదు.

ఆమె తిరిగి వచ్చిన రోజు ఎనిమిదికి ఇంకా ఐదు నిమిషాలుంది. కట్టు విప్పిన చెయ్యి సన్నబడి, చర్మం పాలిపోయి ఉంది. వస్తూనే గుడ్డ తీసుకుని మధ్య బల్ల శుభ్రంగా తుడిచింది. అటెండరు పరుగున వచ్చి చేతులు చాపాడు. అతనివి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"చేతులు బల్ల మీద పెట్టండి సార్."

తలుపు తెరిచే ఉంది. వరండాలో జనమంతా మావైపే చూస్తున్నారు. చేతులు పెట్టాను. ఆమె ఎడమచేత్తో నా కుడి బొటనవేలి మొదట్లో పట్టుకుని నొక్కింది.

"నొప్పి ఉండాదా సార్?"

ఏడాదిన్నర అలవాటు. 'లేదు' అన్న మాట నా ప్రమేయం లేకుండానే నోటిదాకా వచ్చింది. ఆమె రెండో చెయ్యి నా చెయ్యి పక్కనే బల్ల మీద ఉంది.

"ఉంది" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు ఈ ఆసుపత్రికి రాకముందు నుంచి."

ఆమె కాసేపు నా వేలు వదల్లేదు. కోప్పడుతుందేమోనని చూశాను. కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు. "అన్నా, ఈపొద్దు సార్‌కి దీపం" అని అటెండరుతో చెప్పి వెళ్ళిపోయింది.

నేను దీపం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నా వరుసలో నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే ఆమె వరుసలోకి జరిగారు. ముందుగా ఆ హమాలీ కుర్చీ వచ్చింది. నాకు తెలియకుండానే లేచాను.

"కూర్చోండి సార్" అంది, తిరిగి చూడకుండానే.

కూర్చున్నాను. ఆమె పక్క వార్డు నుంచి అటెండరంత ఎత్తున్న మనిషినే పిలిపించింది. తాను బల్ల తలవైపు నిలబడి కేక వేసింది. ఇద్దరూ ఒక్కసారిగా ఎత్తారు. అంత బరువైన మనిషి బల్ల మీదికి చేరాడు. చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఏ చప్పుడూ కాలేదు.